మొదటి డ్యూటీకి ముందు

చిట్టితల్లీ,

సోమవారం నుంచి నీకు సర్జికల్ వార్డులో నర్సు డ్యూటీ అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చేతులు శుభ్రం చేసుకోవాల్సిన ఐదు సందర్భాలు నీకు కంఠతా వచ్చే ఉంటాయి. నేనూ జూనియర్ల చేత అప్పజెప్పించేదాన్ని. కానీ వార్డులో తప్పిపోయేది ఆ ఐదోదే, పేషెంటు చుట్టూ ఉన్న వస్తువులు ముట్టుకున్నాక చేసుకోవాల్సింది. పేషెంటును ముట్టుకున్నాక చేతులు రుద్దుకుంటాం. సెలైన్ స్టాండు జరిపో, దుప్పటి సర్దో "మనిషిని ముట్టుకోలేదుగా" అనుకుని పక్క మంచం దగ్గరికి పోతాం. నలభై మంచాలకు ఇద్దరమే ఉన్న రాత్రుల్లో నేనూ అలా పోయాను.

అందుకే ఆల్కహాల్ హ్యాండ్‌రబ్ సీసా నీ ట్రాలీ మీదే ఉంచుకో. ఎక్కడో చివరున్న వాష్‌బేసిన్ దాకా ప్రతిసారీ నడవలేవు. చేతికి మురికి కనబడకపోతే 20 నుంచి 30 సెకన్లు రబ్ చాలు. రక్తం గానీ చీము గానీ అంటినా, విరేచనాల పేషెంటు దగ్గర పనిచేసినా సబ్బూ నీళ్లే వాడాలి. విరేచనాలు తెప్పించే సి. డిఫిసిల్ అనే బాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకున్న బీజాలు) ఆల్కహాల్‌కు చావవు.

గ్లవ్స్ ఉన్నాయి కదా అని ధీమా వద్దు. ఒకే జతతో నాలుగు డ్రెస్సింగులు చేస్తే, మొదటి పుండులోది నాలుగో పుండుకు మనమే మోసినట్టు. గ్లవ్స్ తీశాక కూడా చేతులు కడుక్కోవాలి.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకు. చేరిన రెండో ఏడు నేను పెట్టబోయి వేలికి పొడుచుకున్నాను. ఇన్‌ఛార్జి సిస్టర్ తిడతారని భయపడి ఎవరికీ చెప్పలేదు. ఏ జబ్బు అంటుకుందోనని ఆ మూడు నెలలు పడ్డ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. సూదులు వేసే తెల్ల డబ్బాను మంచం దాకా తీసుకెళ్లు. ఒకవేళ గుచ్చుకుంటే పిండకు, నోట్లో పెట్టుకోకు. సబ్బుతో కడిగి వెంటనే చెప్పు. హెచ్‌ఐవీ రాకుండా వాడే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ అయ్యాయా? టీకా పనిచేసిందో లేదో తెలిపే టైటర్ రక్తపరీక్ష కూడా చేయించుకో.

టీబీ అనుమానం ఉంటే పేషెంటుకు మామూలు మాస్కు, నీకు ఎన్95. తారుమారు చేసేవాళ్లను చాలామందిని చూశాను.

పెద్ద డాక్టరుగారు చేతులు రుద్దుకోకుండానే కట్టు విప్పబోతే ఏమనాలని అడిగావట. ఏమీ అనకు, సీసా ఆయన ముందు పట్టుకుని నిలబడు. ఇరవై ఏళ్లు నేను చేసింది అదే. ఒక్కాయనే విసుక్కున్నారు, ఆయనా చేయి చాపారు.

పెద్దమ్మ