సమాధానం: జీతాలకు లేని డబ్బు జిమ్‌కు ఎక్కడిది?

అన్నా, టెక్సాస్‌లో చిన్న ఊళ్లో ఇల్లు కొన్నాం, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులు నడిపే సంస్థ) వాళ్లు టీచర్ల జీతాలకు డబ్బుల్లేవంటూనే కొత్త జిమ్ కడుతున్నారు, ఎవరిని అడగాలి అన్నారు కదా. ముందు మీ ఇంటి మీద డిస్ట్రిక్ట్ వేసే పన్ను రేటు చూడండి. అందులో రెండు ముక్కలుంటాయి. ఎం అండ్ ఓ అనేది జీతాలు, కరెంటు, బస్సుల వంటి రోజువారీ ఖర్చులకు. ఐ అండ్ ఎస్ అనేది బాండ్ల అప్పు తీర్చడానికి మాత్రమే. జిమ్ బాండ్ డబ్బుతో కడుతుంటే దానికి ఓటర్లు ఎన్నికలో ఒప్పుకునే ఉంటారు. ఆ డబ్బు తీసి జీతాలిస్తామంటే చట్టం ఒప్పుకోదు.

ఇక జీతాల సొమ్ము. రాష్ట్రం ఫార్ములా ప్రధానంగా నమోదైన పేర్లను బట్టి కాదు, రోజూ సగటున బడికొచ్చిన పిల్లల్ని బట్టి నడుస్తుంది. మనవాళ్లు డిసెంబరులో ఇండియా వెళ్లి సంక్రాంతి కూడా చూసుకుని తీరిగ్గా వస్తారు చూడండి, చిన్న డిస్ట్రిక్టుకు ఆ గైర్హాజరు రోజులు కూడా తగులుతాయి!

అడగాల్సింది ట్రస్టీల బోర్డును. సాధారణంగా ఏడుగురు ఉంటారు, అందరూ ఎన్నికైనవాళ్లే, జీతం ఉండదు. డిస్ట్రిక్ట్‌ను రోజూ నడిపే పెద్ద అధికారిని, అంటే సూపరింటెండెంట్‌ను పెట్టేది, బడ్జెట్ ఆమోదించేది వాళ్లే. హెచ్-1బీ వీసాలో ఉన్నవాళ్లకు ఓటు లేకపోయినా, బోర్డు సమావేశంలో పబ్లిక్ కామెంట్‌కు (జనం మాట్లాడే సమయానికి) పేరిచ్చి మాట్లాడొచ్చు. బడ్జెట్ మీద బహిరంగ విచారణ మామూలుగా వేసవిలో ఉంటుంది, అప్పుడు వెళ్లండి.

అన్నట్టు, హోమ్‌స్టెడ్ మినహాయింపు పెట్టుకున్నారా? అంటే మీరు ఉంటున్న సొంతింటి విలువలో కొంత మొత్తాన్ని పన్ను లెక్కలోంచి తీసేయడం. 2025 నుంచి స్కూల్ పన్నుకు అది 1,40,000 డాలర్లు. దరఖాస్తు స్కూలుకు కాదు, ఇళ్ల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకు.