సీక్వెన్స్ లోగోలో ఒక అక్షరం పెద్దగా, ఒకటి చిన్నగా ఎందుకు?

బెంగళూరులో ఇంటర్న్‌షిప్‌కి చేరిన అనంతపురం అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "అలైన్ చేసిన సీక్వెన్సుల నుంచి మా ల్యాబ్‌లో లోగో గీశారు. అక్షరాల ఎత్తుకి అర్థం ఏమిటి?"

సీక్వెన్స్ అంటే డీఎన్ఏ లేదా ప్రోటీన్‌లోని అక్షరాల క్రమం. అలాంటి వాటిని ఒకదాని కింద ఒకటి సరిపోల్చి పేర్చి (అలైన్ చేసి), ఒక్కో చోట ఏ అక్షరం ఎంతగా వస్తుందో చూపే బొమ్మే లోగో. అందులో ఒక్కో నిలువు వరుసని విడిగా చూడమ్మా. డీఎన్ఏలో నాలుగే అక్షరాలు (ఎ, సి, జి, టి) కాబట్టి అన్ని సీక్వెన్సుల్లోనూ అక్కడ ఎ ఉంటే ఆ వరుస ఎత్తు 2 బిట్లు (బిట్ అంటే సమాచారానికి కొలత). సగం ఎ, సగం జి ఉంటే మొత్తం ఎత్తు 1 బిట్. ఒక్కో అక్షరానికి అర బిట్ వస్తుంది. నాలుగూ సమానంగా ఉంటే ఎత్తు సున్నా, అక్కడ ఖాళీగా కనిపిస్తుంది. అంటే వరుస మొత్తం ఎత్తు ఆ చోటు ఎంత మారకుండా ఉందో చెబుతుంది, అందులో అక్షరాల వాటా వాటి శాతాన్ని బట్టి ఉంటుంది. ప్రోటీన్లో 20 అమైనో ఆమ్లాలు కాబట్టి గరిష్ఠం 4.32 బిట్లు. 1990లో ష్నైడర్, స్టీఫెన్స్ తెచ్చిన పద్ధతి ఇది. కాన్సెన్సస్ సీక్వెన్స్ (ఒక్కో చోట ఎక్కువగా వచ్చే అక్షరాన్నే తీసుకున్న క్రమం) ఒక్కటే రాస్తే 51 శాతం ఎ అయినా, 100 శాతం ఎ అయినా ఒకేలా కనిపిస్తాయి. అందుకే నాకు లోగో అంటే అంత ఇష్టం.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. సీక్వెన్సులు తక్కువైతే ఎత్తు ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. 10 ప్రోటీన్లే ఉంటే దిద్దుబాటుగా తీసేయాల్సిందే దాదాపు 1.37 బిట్లు! లోగోలు గీసే ప్రోగ్రామ్ వెబ్‌లోగో వాడితే, ఈ దిద్దుబాటు జరుగుతోందో లేదో చూసుకో. దాదాపు ఒకేలా ఉన్న సీక్వెన్సులు కుప్పగా ఉంటే ముందు వాటిని తగ్గించు, లేదంటే ఆ ఒక్క గుంపే బొమ్మంతా ఆక్రమిస్తుంది.