గిటార్ వెనక పలక దగ్గర బైండింగ్ గాడి ఏటవాలుగా వస్తోంది, దీనికి జిగ్ ఎలా చేసుకోవాలి?

ట్రిమ్మర్‌ని (గాడి కోసే చిన్న చేతి మెషీన్) నేరుగా బాడీ మీద ఆనించి కోస్తే ముందు పలక బాగానే వచ్చిందనీ, వెనక పలకకి మాత్రం బైండింగ్ (అంచు చుట్టూ అతికించే సన్నటి పట్టీ) లోపల సందు మిగిలిందనీ రాశారు. నా మొదటి గిటార్‌కీ అచ్చంగా ఇదే జరిగింది. తప్పు మీ చేతిలో లేదండి, వెనక పలక ఆకారంలో ఉంది.

వెనక పలకని చాలామంది 15 అడుగుల రేడియస్‌తో కాస్త ఉబ్బుగా చేస్తాం. కింది భాగం వెడల్పు 400 మి.మీ. ఉంటే అంచు దగ్గర వాలు దాదాపు 2.5 డిగ్రీలు. ట్రిమ్మర్ ఆ వాలు మీద కూర్చుంటే దాని కోసే బిట్ కూడా అంతే వాలుతుంది. 6 మి.మీ. ఎత్తున్న గాడిలో అది పావు మిల్లీమీటరు తేడా. 1.5 మి.మీ. మందం బైండింగ్‌కి అది చాలా ఎక్కువ. దీనికి తోడు మెడ వైపు బాడీ లోతు తక్కువ, తోక వైపు ఎక్కువ కాబట్టి వెనక పలక పొడవునా కూడా వాలే.

అందుకని జిగ్, అంటే పనిముట్టుని సరిగ్గా పట్టి ఉంచే అమరిక, చేయాల్సిన పని ఒక్కటే: పలక ఎంత ఎత్తుపల్లాలుగా ఉన్నా బిట్ ఎప్పుడూ పక్కచెక్కకి సమాంతరంగా నిలబడాలి. నేను 18 మి.మీ. ప్లైవుడ్‌తో ఒక నిలువు స్తంభం చేసి, దాని మీద పైకీ కిందకీ జారేలా ట్రిమ్మర్‌ని బిగించాను. బాడీ ఒక ట్రేలో ఉంటుంది, దాన్ని చేత్తో బిట్ చుట్టూ తిప్పుతాం. ట్రేలో నాలుగు చోట్ల ఎత్తు సరిచేసుకునే మరలు పెట్టి, పక్కచెక్కలు నిలువుగా ఉన్నాయో లేదో మూలమట్టంతో చూసుకుంటాను. బిట్ చుట్టూ సన్నటి రింగ్ ఒకటి ఉంటుంది. పలకకి తగిలేది అదొక్కటే, అదీ అంచు దగ్గరే.

నేను దెబ్బతిన్నది ఆ జారే భాగం దగ్గర. మొదట వంటింటి డ్రాయర్లకి వాడే టెలిస్కోపిక్ ఛానల్ వేశాను. చేత్తో జరిపితే బాగానే అనిపించింది, కోతలో మాత్రం బిట్ ఊగింది. బెంగళూరు పీణ్యాలో లేత్ పని చేసే మదనపల్లె ఆయన చూసి, "లూజు ఎంతుందో జారే బండి దగ్గర చూడకండి సార్, బిట్ దగ్గర పట్టుకుని ఊపండి" అన్నాడు. ఊపగానే తెలిసింది. రెండు ఆధారాల మధ్య 60 మి.మీ. దూరం ఉండి, బిట్ 180 మి.మీ. బయటికి ఉంటే, అక్కడి 0.2 మి.మీ. లూజు బిట్ దగ్గర 0.6 మి.మీ. అవుతుంది. తర్వాత ఎస్‌పీ రోడ్‌లో 12 మి.మీ. రాడ్లు, లీనియర్ బేరింగులు కొని, ఆ ఆధారాలని 180 మి.మీ. దూరంలో పెట్టాను. ఊగడం ఆగిపోయింది. మీరు డబ్బు పెట్టగలిగేది ఒక్కచోటే అయితే ఇక్కడే పెట్టండి. ప్లైవుడ్ పాతదైనా పర్వాలేదు.

గాడి లోతుకి లెక్క సులువే. బిట్ వ్యాసంలోంచి, దానికే ఉండి పక్కచెక్కకి ఆనే బేరింగ్ వ్యాసం తీసేసి సగం చేయండి: 19 మి.మీ. బిట్, 16 మి.మీ. బేరింగ్ అయితే 1.5. నేనైతే బేరింగ్‌కి ఒక చుట్టు టేప్ వేసి లోతు వెంట్రుకవాసి తగ్గిస్తాను. బైండింగ్ కాస్త బయటికి ఉంటే తర్వాత గీకి సమం చేయొచ్చు. లోపలికి పోతే మాత్రం రోజ్‌వుడ్ పక్కచెక్కనే పల్చన చేయాలి.

గాడి కోయడానికి ముందు పక్కచెక్కల్ని బాగా గీకి నున్నగా చేయండి. బేరింగ్ అక్కడి ప్రతి బొడిపెనీ గాడిలో దించేస్తుంది.

స్ప్రూస్ చెక్కతో చేసిన ముందు పలకకి కోత దిశ కూడా ముఖ్యం. వెడల్పైన చోటు నుంచి నడుము వైపుకి, అలాగే వెడల్పైన చోటు నుంచే చివరల వైపుకి, అంటే ఎప్పుడూ దిగువకి కోయాలి. ఎదురు దిశలో వెళ్తే పీచు లేస్తుంది. ఇలా కోసేటప్పుడు కొన్ని చోట్ల బిట్ బాడీని లాక్కుంటుంది. అక్కడ ట్రేని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, ఒకేసారి పూర్తి లోతు దించకుండా మూడు నాలుగు విడతలుగా కోయండి. మాస్కు తప్పకుండా పెట్టుకోండి, రోజ్‌వుడ్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

మీ బాడీ పొడవు, మెడ దగ్గర, తోక దగ్గర లోతు ఎంతో చెప్పండి. ట్రే కొలతలు లెక్కకట్టి ఇక్కడే రాస్తాను.