‘నాకు’ అంటే ‘మి’ అనే లెక్క ముందు పక్కన పెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: డిగ్రీ దాకా తెలుగు మీడియం, ఇంగ్లీషు సర్వనామాల టేబుల్ (ఐ–మి, హి–హిమ్, షి–హర్, దే–దెమ్) మొత్తం కంఠతా వచ్చు, రాసేటప్పుడు ఎలాగో నెట్టుకొస్తారు, మాట్లాడేటప్పుడు మాత్రం ‘మి వాంట్’, ‘టు మి నో’ లాంటివి నోట్లోంచి జారిపోతున్నాయి, ఇంటర్వ్యూ దగ్గర పడుతోంది, టెన్షన్.

నేను ఖమ్మంలో సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తుంటాను. వచ్చేవాళ్ళు ఎక్కువగా నర్సింగ్ చదివే అమ్మాయిలు, మొబైల్ షాపుల్లో పనిచేసే కుర్రాళ్ళు, బ్యాంకు పరీక్షలకి చదువుకునేవాళ్ళు. టేబుల్ రానివాళ్ళు వీళ్ళలో దాదాపు ఉండరు, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తారు. అయినా అందరూ మీలాగే తడబడతారు. ఎందుకంటే టేబుల్ పక్కన ప్రతి ఒక్కరి నోట్సులోనూ ఒక తెలుగు అర్థం రాసి ఉంటుంది: నేను అంటే ‘ఐ’, నన్ను, నాకు అంటే ‘మి’. కొంప ముంచేది అదే.

మనం చిన్నప్పుడు డుమువులు ప్రథమా విభక్తి అని వల్లెవేసినవాళ్ళం, మాట చివర ఏం తగిలించారో చూసి ఎవరు ఎవర్ని ఏం చేశారో పట్టుకోవడం మనకి అలవాటు. ‘రవి సీతని చూశాడు’ అన్నా ‘సీతని రవి చూశాడు’ అన్నా చూసింది రవే, ఆ ‘ని’ చెప్పేస్తుంది, వరస ఎలా ఉన్నా నష్టం లేదు. ఇంగ్లీషులో ‘రవి సా సీత’ని తిప్పి ‘సీత సా రవి’ అంటే కథే మారిపోతుంది. ఎప్పుడో పాత ఇంగ్లీషులో వాళ్ళకీ మనలాగే పేర్ల చివర విభక్తుల్లాంటివి ఉండేవి, వందల ఏళ్ళలో అవి అరిగిపోయాయి, ఇక మాట ఎక్కడుందన్నదే ఆధారం అయింది. ఆ పాత సరుకులో మిగిలినవి ఈ జతలు: ఐ–మి, హి–హిమ్, షి–హర్, వి–అస్, దే–దెమ్, హూ–హూమ్. ఆరే. ‘యు’, ‘ఇట్’ ఎక్కడ పెట్టినా మారవు. (ఒకప్పుడు ‘యు’ కూడా ‘మి’ జాతిదే, క్రియకి ముందు చోట ఉండేది ‘యీ’ అనే మాట. షేక్‌స్పియర్ కాలానికే ఆ తేడా చెదిరిపోయింది, మన అదృష్టం, ఒక జత తగ్గింది.)

కాబట్టి తెలుగు అర్థం చూడకుండా ఇంగ్లీషు వాక్యంలో చోటు చూడండి. క్రియకి ముందు, ఆ పని ఎవరిదో ఆ మనిషి కూర్చునే చోట ఐ, హి, షి, వి, దే. క్రియ తర్వాత గానీ, టు, ఫర్, విత్, ఫ్రమ్ లాంటి చిన్న మాటల తర్వాత గానీ మి, హిమ్, హర్, అస్, దెమ్. నిజానికి సూత్రం ఇంతే, ఏ గ్రామర్ పుస్తకంలోనైనా ఉంటుంది, మీకూ తెలిసే ఉంటుంది. తెలుగు మాట్లాడే మనిషి ఈ సూత్రం దగ్గర ఎక్కడ దారి తప్పుతాడో మాత్రం ఆ పుస్తకాల్లో సాధారణంగా ఉండదు, అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నా.

‘ఆయన నాకు తెలుసు’ అనే వాక్యం తీసుకోండి. ఇంగ్లీషులో ‘ఐ నో హిమ్’. మీ టేబుల్ ప్రకారం ‘ఆయన’ అంటే ‘హి’ కావాలి, ‘నాకు’ అంటే ‘మి’ కావాలి. వచ్చింది మాత్రం పూర్తిగా తలకిందులు. ‘ఆమె నాకు నచ్చింది’ – ‘ఐ లైక్ హర్’. ‘నేను ఆమెకి నచ్చాను’ – ‘షి లైక్స్ మి’. ఇక్కడ ‘నేను’ కాస్తా ‘మి’ అయి కూర్చుంది! క్లాసులో ఈ వాక్యం బోర్డు మీద రాయగానే ఒక్కసారిగా అందరూ నిశ్శబ్దం అయిపోతారు, అప్పటిదాకా గ్రామర్ అంటే ఆవులించిన వాళ్ళు కూడా. నచ్చడం గురించి కాబట్టి కూడా అనుకోండి.

ఇది ఎందుకిలా? తెలుగులో మనం తెలియడం, నచ్చడం, కావాలనుకోవడం, ఆకలి, భయం, జ్వరం, గుర్తుండటం ఇవన్నీ మనం చేసే పనుల్లా చెప్పం, మనకి జరిగేవాటిలా చెప్తాం. అందుకే ‘నాకు’ వస్తుంది. ఇంగ్లీషువాడు మాత్రం వీటిని కూడా ఆ మనిషే చేస్తున్నట్టు చెప్తాడు. నాకు టీ కావాలి – ఐ వాంట్ టీ. నాకు జ్వరంగా ఉంది – ఐ హావ్ ఎ ఫీవర్. నాకు ఇద్దరు పిల్లలు – ఐ హావ్ టు చిల్డ్రన్. నాకు గుర్తులేదు, నాకు అర్థం కాలేదు, నాకు వినిపించట్లేదు, నాకు పెళ్ళయింది, నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు, అన్నీ ‘ఐ’తోనే మొదలు. ‘నాకు’ ఒక్కటే కాదు, ‘నా దగ్గర డబ్బుల్లేవు’ అన్నా ‘ఐ’ (ఐ డోంట్ హావ్ మనీ), ‘నా వల్ల కాదు’ అన్నా ‘ఐ’ (ఐ కాంట్). ఒక రోజంతా మీరు తెలుగులో మాట్లాడే మాటలు గమనించండి, ‘నాకు’తో మొదలయ్యేవాటిలో ఎక్కువ శాతం ఈ రకమే కనిపిస్తాయి.

మరి ‘నాకు’ నిజంగా ‘మి’ అయ్యేది ఎప్పుడు? ఇంకో మనిషి కళ్ళెదుట ఏదో పని చేసి అది మీ దాకా వచ్చినప్పుడు. నాకు ఇచ్చాడు – హి గేవ్ మి. నాకు చూపించింది – షి షోడ్ మి. నాకు ఫోన్ చేశారు – దే కాల్డ్ మి. నాకు సాయం చేశాడు – హి హెల్ప్డ్ మి. అనుమానం వస్తే నేను చెప్పించే పరీక్ష ఒకటుంది: ఈ వాక్యంలో ‘నేను’ కాకుండా ఇంకెవరైనా నిజంగా ఏమైనా చేశారా? ‘నాకు ఇచ్చాడు’లో వాడు చెయ్యి చాపి ఇచ్చాడు, కాబట్టి వాడే ముందు కూర్చుంటాడు, నేను వెనక్కి పోతాను. ‘ఆమె నాకు నచ్చింది’లో ఆమె ఏం చేసింది? ఏమీ లేదు, పాపం ఆమెకి ఈ సంగతే తెలియకపోవచ్చు. అందుకే ముందు కూర్చోవాల్సింది నేను. నూటికి నూరు పాళ్ళు పనిచేస్తుందని చెప్పను (‘నాకెందుకో అనుమానంగా ఉంది’ లాంటివి రెండు మూడు రకాలుగా చెప్పొచ్చు), కానీ మొదటి ఇంటర్వ్యూకి ఇది చాలు.

‘నన్ను’ పెద్దగా మోసం చెయ్యదు. నన్ను అడిగాడు, నన్ను పిలిచాడు, నన్ను తిట్టాడు, అన్నీ ‘మి’నే. ఒకటే జాగ్రత్త, కొన్ని క్రియలకి మధ్యలో చిన్న మాట అడ్డం పెట్టాలి: నన్ను చూసి నవ్వాడు – హి లాఫ్డ్ ఎట్ మి. నా కోసం ఆగు – వెయిట్ ఫర్ మి. ఇంకొన్నింటికి పెట్టకూడదు: నాకు చెప్పాడు అంటే ‘హి టోల్డ్ మి’, ‘టోల్డ్ టు మి’ కాదు. కానీ అదే ‘సెడ్’ అయితే ‘సెడ్ టు మి’, ‘ఎక్స్‌ప్లెయిన్’ అయితే ‘ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్ టు మి’. వీటికి లాజిక్ వెతక్కండి, క్రియతో పాటే నోటికి పట్టించుకోవాలి.

సూత్రం నేర్చుకున్న వారానికి అందరూ పడే గుంట ఇంకొకటి చెప్తా. ‘క్రియ తర్వాత హిమ్’ అని పట్టుకుని ‘ఐ నో హిమ్ ఈజ్ గుడ్’ అంటారు. ఇక్కడ రెండు క్రియలున్నాయి. ‘నో’ నాది, ‘ఈజ్’ వాడిది. వాడి క్రియకి ముందు వాడు ‘హి’గానే ఉండాలి: ఐ నో హి ఈజ్ గుడ్. క్రియ తర్వాత వచ్చాడా అని కాదు, తనకంటూ ఒక క్రియ ఉందా అని చూడండి. దీనికి అడ్డం తిరిగేది ‘వాంట్’: ‘వాడు రావాలని నాకుంది’ – ‘ఐ వాంట్ హిమ్ టు కమ్’. తెలుగులో వాడు చక్కగా కర్త, ఇంగ్లీషులో ‘హిమ్’. ‘టు కమ్’ పూర్తి క్రియ కాదు, దానికి ముందు ‘హి’ నిలబడడు. ‘ఆస్క్ హిమ్ టు కమ్’, ‘టెల్ హర్ టు వెయిట్’, ‘లెట్ దెమ్ గో’ ఇవన్నీ ఒక తానులో ముక్కలే, ఆఫీసులో రోజూ పనికొస్తాయి.

ఇద్దరి పేర్లు కలిసినప్పుడు ‘మై ఫ్రెండ్ అండ్ ఐ’యా, ‘మై ఫ్రెండ్ అండ్ మి’యా అని జుట్టు పీక్కోకండి. ఫ్రెండ్‌ని తీసేసి చదవండి. ‘ఐ వెంట్’ అంటాం కాబట్టి ‘మై ఫ్రెండ్ అండ్ ఐ వెంట్’. ‘హి కాల్డ్ మి’ అంటాం కాబట్టి ‘హి కాల్డ్ మై ఫ్రెండ్ అండ్ మి’. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ రెండు వైపులా తప్పుతారు, కొందరు మాటల్లో ‘మి అండ్ మై ఫ్రెండ్ వెంట్’ అనేస్తారు, కొందరు బడిలో తిట్లు తిని తిని చివరికి ‘బిట్వీన్ యు అండ్ ఐ’ అని మరీ పొలైట్‌గా తప్పు మాట్లాడతారు. సరైనది ‘బిట్వీన్ యు అండ్ మి’. 

‘ఐ’యా ‘మి’యా తేలక ‘మైసెల్ఫ్’ని మధ్యవర్తిగా పెట్టుకోవడం మన దగ్గర మరీ ఎక్కువ. ‘మైసెల్ఫ్ సురేష్, ఫ్రమ్ ఖమ్మం’ అని ఇంటర్వ్యూలో మొదలెట్టొద్దు. ‘ఐ యామ్ సురేష్’, అయిపోయింది. ‘ప్లీజ్ కాంటాక్ట్ మైసెల్ఫ్’ కూడా వద్దు, ‘కాంటాక్ట్ మి’ అంటే మర్యాద ఏమీ తగ్గదు. ‘మైసెల్ఫ్’ పనికొచ్చేది ముఖ్యంగా ‘ఐ’ ముందే వచ్చాక, నన్ను నేనే అనేటప్పుడు: ఐ టాట్ మైసెల్ఫ్.

మీరు అడగలేదు గానీ ఒక మాట. తప్పుగా వాడటం కంటే అసలు వాడకుండా మింగెయ్యడం మనలో ఎక్కువ. ‘వచ్చాను’ అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది, అందుకని ఇంగ్లీషులో కూడా ‘యెస్, కేమ్ ఎస్టర్‌డే’ అంటాం. కర్తని వదలకండి, చివరికి వాన పడినా వాళ్ళకి ఒక ‘ఇట్’ కావాలి: ఇట్ ఈజ్ రెయినింగ్. వెనకవైపు ‘ఇట్’ని అయితే నిర్దాక్షిణ్యంగా మింగేస్తాం. ఫైల్ పంపించావా, పంపించాను. ‘ఐ సెంట్’ అని ఆపేస్తారు. ‘ఐ సెంట్ ఇట్’. సినిమా నచ్చిందా, ‘యెస్, ఐ లైక్డ్ ఇట్’. (‘ఐ నో’ లాంటివి కొన్ని దీనికి మినహాయింపు, ‘అవును, తెలుసు’ అన్న అర్థంలో ‘ఐ నో’ వెనక ఏమీ అక్కర్లేదు.)

నాన్నగారి గురించి చెప్పేటప్పుడు ‘హి’ అనడానికి నోరు రాక ‘దే’ అనేవాళ్ళు నా బ్యాచ్‌లో ప్రతిసారీ ఉంటారు. ‘ఆయన వచ్చారు’లో ‘రు’ ఉంది కదా, అది అలా లాగుతుంది. నాన్నైనా, ప్రిన్సిపాల్ గారైనా, దేశ ప్రధాని అయినా ఒక మగమనిషి ‘హి’నే, వెనకైతే ‘హిమ్’. ‘దే’ అన్నారంటే వినేవాడు నాన్నతో పాటు ఇంకెవరొచ్చారా అని చూస్తాడు. దీనికి ఉల్టా, ఇంట్లో చెల్లెల్ని ‘అది ఇంకా లేవలేదు’ అంటాం ముద్దుగానో విసుగ్గానో, ఇంగ్లీషులో ‘ఇట్’ అనకండి, ‘షి’.

‘హూమ్’ గురించి ఇప్పుడు బుర్ర పాడుచేసుకోవద్దు, ‘హూ డిడ్ యు మీట్’ అన్నా ఎవరూ మిమ్మల్ని బయటికి పంపరు. ‘ఇట్స్ మి’ కూడా నిశ్చింతగా అనండి, ‘ఇట్ ఈజ్ ఐ’ పాతకాలం పట్టింపు.

సాధన ఎలా అంటే, టేబుల్ చింపెయ్యండి. క్రియలు పట్టుకోండి: నో, లైక్, వాంట్, నీడ్, హావ్, రిమెంబర్, అండర్‌స్టాండ్, హియర్ ఒక కట్ట, గివ్, టెల్, షో, కాల్, ఆస్క్, హెల్ప్ ఇంకో కట్ట. ఒక్కో క్రియకి మీ ఇంట్లోవాళ్ళ గురించి నిజమైన వాక్యం ఒకటి పైకి అనండి, వెంటనే తిప్పి అనండి. ‘ఐ హెల్ప్ హర్. షి హెల్ప్స్ మి.’ ‘వి నో దెమ్. దే నో అస్.’ తిప్పడమే ఇందులో అసలు పని, ఒక వైపే చెప్తే అది మళ్ళీ బట్టీ అవుతుంది. మనసులో అనుకుంటే లాభం లేదు, నోరు తిరగాలి, వంట చేస్తూనో బండి తుడుస్తూనో అనుకోండి. కాస్త పట్టు దొరికాక ఇవి చూడండి: నేను ఆయనకి గుర్తున్నాను. వాళ్ళు మనకి అక్కర్లేదు. ఆమె రావాలని వాళ్ళకుంది. ఆయనకి మేమంటే భయం. జవాబులు వరసగా: హి రిమెంబర్స్ మి. వి డోంట్ నీడ్ దెమ్. దే వాంట్ హర్ టు కమ్. హి ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ అస్. మూడోది తడబడకుండా వచ్చిందంటే ఇంటర్వ్యూలో సర్వనామాల భయం మీకు అక్కర్లేదు, ఇక టెన్సుల సంగతి చూసుకోండి.