ఆరు అప్రోచ్‌లు ఉన్నాయి, హోల్డింగ్ ఏదీ?

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో, వారాంతాల్లో అద్దెకు తీసుకున్న సెస్నా 172 నడుపుతుంటాను. గత నవంబరులో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయటికి చూడకుండా పరికరాల ఆధారంగా ఎగిరే అర్హత) పరీక్ష ప్యాసయ్యాను. ఆ తర్వాత మార్చిలో నాలుగు, జూన్‌లో రెండు అప్రోచ్‌లు (పరికరాల ఆధారంగా రన్‌వే వైపు దిగడం) సేఫ్టీ పైలట్‌ను (నా బదులు బయటికి చూస్తూ ఉండే పైలట్‌ను) పక్కన కూర్చోబెట్టుకొని చేశాను. హోల్డింగ్ (గాల్లో ఒక బిందువు దగ్గర చుట్లు తిరుగుతూ వేచి ఉండటం) చేసే అవసరం రాలేదు. ఇప్పుడు ఆగస్టు. వచ్చే వారం ఇంటిల్లిపాదిమీ ఐఎఫ్‌ఆర్‌లో (పరికరాల ఆధారంగా ఎగిరే నియమాల కింద) ఆస్టిన్ వెళ్దామనుకుంటున్నాం. హైదరాబాదులో ఎయిర్‌లైన్ పైలట్‌గా ఉన్న మా బావగారు, పరీక్ష జరిగి ఏడాది కాలేదు గనుక నా రేటింగ్ చెల్లుతుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: మీ బావగారు చెప్పింది ఆయన ఎగిరే చోట సరైన మాటే. భారతదేశంలోనూ యూరప్‌లోనూ ఈ రేటింగ్‌కు 12 నెలల గడువు ఉంటుంది. అది ముగిసేలోగా మళ్లీ తనిఖీ పరీక్షకు కూర్చోవాలి. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ఎఫ్‌ఏఏ (విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చిన రేటింగ్‌కు కాలదోషం పట్టదు, కానీ దాన్ని వాడుకునే అర్హత మాత్రం, పైలట్లు ‘కరెన్సీ’ అని పిలిచేది (డబ్బుతో దీనికి సంబంధం లేదు, అయితే దాన్ని నిలబెట్టుకోవడానికి డబ్బు బాగానే అవుతుంది), లాగ్‌బుక్‌లో మీరు రాసుకున్న అనుభవాన్ని బట్టి నెలనెలా మారుతుంటుంది.

నిబంధన 61.57 ప్రకారం, మీరు ఎగరబోయే నెలకు ముందున్న ఆరు క్యాలెండర్ నెలల్లో ఆరు అప్రోచ్‌లు, హోల్డింగ్, నావిగేషన్ పరికరాల సాయంతో ఒక కోర్సును అందుకొని దాని వెంట సాగడం, ఈ మూడూ జరిగి ఉండాలి. మూడోది అప్రోచ్‌లు చేసేవారికి ఎలాగూ జరిగిపోతుంది గనుక దాని గురించి బెంగ అక్కర్లేదు. మీ ఆరు అప్రోచ్‌లూ ఫిబ్రవరి నుంచి జూలై వరకు ఉన్న గడువులో ఇమిడాయి. చిక్కల్లా హోల్డింగ్‌తోనే. నవంబరు పరీక్షలో చేసిన హోల్డింగ్ మే 31 వరకే మిమ్మల్ని కాపాడింది. జూన్ 1 నుంచి మీకు కరెన్సీ లేదు. కాబట్టి ఈ స్థితిలో ఐఎఫ్‌ఆర్ ప్లాన్ మీద గానీ, వీఎఫ్‌ఆర్ (కంటితో చూస్తూ ఎగిరే నియమాలు) కనీస ప్రమాణాలకు తక్కువైన వాతావరణంలో గానీ మీరు పైలట్ ఇన్ కమాండ్‌గా (విమాన బాధ్యత వహించే పైలట్‌గా) వెళ్లకూడదు.

అయితే దారి మూసుకుపోలేదు. కరెన్సీ పోయిన నాటి నుంచి మరో ఆరు నెలల పాటు, అంటే మీ విషయంలో నవంబరు 30 దాకా, తక్కువపడినదాన్ని మీరే పూర్తి చేసుకోవచ్చు. ఆకాశం తేటగా ఉన్న రోజున ఫాగుల్స్ (బయటి దృశ్యం కనబడనివ్వని కళ్లద్దాలు) పెట్టుకొని, సేఫ్టీ పైలట్‌తో వెళ్లి, ఒక ఫిక్స్ (మ్యాపులో గుర్తించిన బిందువు) మీద హోల్డింగ్ చేసి రండి. ఫిక్స్‌ను ఏ దిక్కు నుంచి చేరుతున్నారో చూసుకొని చుట్టులోకి ప్రవేశించే పద్ధతి డైరెక్టా, పారలలా, టియర్‌డ్రాపా అన్నది ముందే తేల్చుకోవడం, కుడివైపు తిరగడం, ఇన్‌బౌండ్ లెగ్ (ఫిక్స్ వైపు వచ్చే భాగం) ఒక నిమిషానికి వచ్చేలా గాలిని బట్టి అవుట్‌బౌండ్ (ఫిక్స్ నుంచి దూరంగా వెళ్లే) సమయం సర్దుకోవడం, ఇవన్నీ తొమ్మిది నెలలుగా చేతికి అలవాటు తప్పినవి. ఒక్క చుట్టుతో సరిపెట్టకుండా నాలుగైదు తిరగమనే చెబుతాను. మొదటి రెండు చుట్లలో గాలి ఎటు నెడుతోందో తెలుసుకోవడమే సరిపోతుంది.

సేఫ్టీ పైలట్‌కు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉండాలన్న నియమం లేదు. ఆ విమానపు కేటగిరీ, క్లాస్ (విమాన రకం) రేటింగ్‌లతో కనీసం ప్రైవేట్ పైలట్ అయి ఉంటే, వైద్యపరమైన అర్హత చెల్లుబాటులో ఉంటే చాలు. ఆయన పేరు లాగ్‌బుక్‌లో తప్పకుండా రాయాలి. ఒకసారి జూన్ నెల పేజీ తీసి చూసుకోండి: ‘2 అప్రోచ్‌లు’ అని మాత్రమే ఉంటే అది సరిపోదు. ‘మెకిన్నీ, ఐఎల్‌ఎస్ 18’ అన్నట్టుగా ఏ చోట, ఏ రకం అప్రోచ్ చేశారో ఒక్కొక్కదానికీ ఉండాలి. ఫాగుల్స్‌తో చేసినది లెక్కకు రావాలంటే ఫైనల్ అప్రోచ్ ఫిక్స్ (చివరి దిగుడు మొదలయ్యే బిందువు) దాటి, నిర్ణీత కనీస ఎత్తు దాకా దిగి ఉండాలన్నది ఎఫ్‌ఏఏ 2015లో ఇచ్చిన వివరణ. నిజమైన మేఘంలో దిగుతూ ఆ ఫిక్స్ దాటాక బయటపడితే మాత్రం ఆ అప్రోచ్ చెల్లుతుంది.

సేఫ్టీ పైలట్ దొరక్కపోతే ఎఫ్‌ఏఏ ఆమోదం ఉన్న శిక్షణ సిమ్యులేటర్ మీద ఇదే పని చేసుకోవచ్చు. 2018లో అమల్లోకి వచ్చిన సవరణతో, పక్కన శిక్షకుడు ఉండాలన్న షరతు కూడా పోయింది. ఇంట్లో కంప్యూటర్ మీద ఆడే సిమ్యులేటర్ సాధనకు మంచిదే గానీ లెక్కకు రాదు.

ఈ నెలలో హోల్డింగ్ పూర్తయినా మీ కరెన్సీ సెప్టెంబరు 30 వరకే. అక్టోబరు రాగానే మార్చి నాటి నాలుగు అప్రోచ్‌లు గడువు దాటిపోతాయి కాబట్టి, హోల్డింగ్‌కు వెళ్లినప్పుడే మరో నాలుగు అప్రోచ్‌లు కూడా చేసుకొస్తే ఖర్చు కలిసివస్తుంది. అలా కాక ఇప్పుడు వదిలేసి డిసెంబరు దాకా తెచ్చుకుంటే, అర్హత గల శిక్షకుడి దగ్గర గానీ ఎగ్జామినర్ దగ్గర గానీ ఇన్‌స్ట్రుమెంట్ ప్రొఫిషియెన్సీ చెక్ (పరికరాలతో ఎగరగల నైపుణ్యానికి తనిఖీ) ఇవ్వడం తప్ప మరో మార్గం ఉండదు.

ఇక ఆస్టిన్ సంగతి. వచ్చే వారంలోగా హోల్డింగ్ కుదరకపోతే, వాతావరణం బాగున్న రోజు చూసుకొని వీఎఫ్‌ఆర్‌లో వెళ్లవచ్చు. కుటుంబాన్ని ఎక్కించుకుంటున్నారు గనుక గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉన్నాయో లేదో అదే లాగ్‌బుక్‌లో చూసుకోండి. దారిలో మేఘాలు అడ్డొస్తే వెనక్కి తిరగాలి, లేదా దగ్గరలోని విమానాశ్రయంలో దిగాలి. రేటింగ్ ఉంది కదా అని అప్పటికప్పుడు గాల్లో ఐఎఫ్‌ఆర్ క్లియరెన్స్ అడగకూడదు.