దేవరకొండ నుంచి ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్: కోచింగ్ కావాల్నా, ఎట్ల చదవాలె, ఎక్కడ రాయాలె

ఏడబ్ల్యూఎస్ అంటే అమెజాన్ వాళ్ల క్లౌడ్, వాళ్ల కంప్యూటర్లను ఇంటర్నెట్ మీద కిరాయికి ఇచ్చుడు. దాని సర్టిఫికెట్ పరీక్ష గురించి చెల్లె అడిగింది ఇదీ: ఊరు దేవరకొండ దగ్గర, బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయింది. లైనక్స్ కొంచెం వచ్చు, నెట్‌వర్కింగ్ అంతంత మాత్రం. రోజుకు రెండు గంటల చొప్పున రెండు నెలలు పెట్టగలదు. అమీర్‌పేట హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకోవాల్నా? ముందు ప్రాక్టీషనర్ (మొదటి మెట్టు పరీక్ష) రాయాల్నా, నేరుగ అసోసియేట్ (సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ పరీక్ష) రాయాల్నా? పరీక్ష ఇంటికాడనే రాస్తే నడుస్తదా?

కోచింగ్ అక్కర్లేదు. హాస్టల్‌కు, ఫీజుకు పెట్టే పైసలతోనే పరీక్ష ఫీజూ, ల్యాబ్ ఖర్చూ రెండూ ఎల్లిపోతయి. అమీర్‌పేటలో చెప్పేది తప్పని కాదు. ఈ పరీక్ష సర్వీసుల పేర్లు అప్పజెప్పమని అడగదు. ఒక అవసరం చెప్పి, పని చేసే దారులే రెండు మూడు ముందటేసి, అందులో ఏది సరిపోతదో ఏరమంటది. ఆ ఏరుడు క్లాసులో కూసుని వింటే రాదు.

ముందు పరీక్ష లెక్క చూద్దాం. ఇప్పుడు నడుస్తున్న అసోసియేట్ పేపర్ కోడ్ ఎస్ఏఏ-సీ03. 65 ప్రశ్నలు, 130 నిమిషాలు. అందులో 50 ప్రశ్నలకే మార్కులు. మిగతా 15 వాళ్లు పరీక్షించి చూసుకోనికి పెట్టినవి, అవి ఏవో నీకు తెల్వదు. 1000కి 720 వస్తే పాస్. సెక్యూరిటీకి 30 శాతం, పడిపోకుండ నిలబడే డిజైన్‌కు 26, పనితీరుకు 24, ఖర్చు తగ్గించుడుకు 20. ఒక్కో భాగంలో విడిగా పాస్ కావాలని లేదు, మొత్తం కలిపి చూస్తరు. తప్పుకు మార్కులు కోయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడ ఖాళీగ వదలొద్దు.

ప్రాక్టీషనరా, అసోసియేటా అంటే ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. ప్రాక్టీషనర్ 100 డాలర్లు, అసోసియేట్ 150, పైన ట్యాక్స్. ఏ పరీక్ష పాసైనా తర్వాతి పరీక్షకు సగం ధర కూపన్ నీ సర్టిఫికేషన్ ఖాతాలో పడతది. అంటే రెండూ వరుసగ రాస్తే 100 ప్లస్ 75, మొత్తం 175. నేరుగ అసోసియేట్ రాస్తే 150. తేడా 25 డాలర్లు. నెట్‌వర్కింగ్ గట్టిగ ఉన్నోళ్లకు ప్రాక్టీషనర్ దండుగ. నీకు మాత్రం నాలుగో వారం చివర అది రాయమంటా. ఉద్యోగానికి దానితో పెద్దగ ఒరిగేదేం లేదు. 25 డాలర్లకు పరీక్ష హాలు అలవాటయితది, అంతే దాని విలువ. అసోసియేట్ ఒకసారి పోతే మళ్లీ 14 రోజులు ఆగాలె, మళ్లీ పూర్తి ఫీజు కట్టాలె.

ఇగ ల్యాబ్ చేయనికి ఏడబ్ల్యూఎస్ ఖాతా. యూట్యూబ్‌లో పాత వీడియోలు “12 నెలలు ఉచితం” అంటయి. 2025 జూలై 15 తర్వాత తెరిచే కొత్త ఖాతాలకు ఆ లెక్క లేదు. చేరంగనే 100 డాలర్ల క్రెడిట్ వస్తది. వాళ్లు చెప్పిన ఐదు పనులు చేస్తే ఒక్కోదానికి 20 చొప్పున ఇంకో 100 వస్తది. ఉచిత ప్లాన్ ఎంచుకుంటే ఆరు నెలలు గానీ, క్రెడిట్ అయిపోయేదాక గానీ, ఏది ముందైతే అంతవరకే. నువ్వు పెయిడ్ ప్లాన్‌కు మారితే తప్ప కార్డు మీద బిల్లు పడదు. అందుకే మొదటి రోజే ఖాతా తెరిచి పెట్టుకోకు. ఒక వారం చదివి, చేతులు పెట్టే రోజున తెరువు. తెరవంగనే రూట్ లాగిన్‌కు (ఖాతా తెరిచిన అసలు లాగిన్) ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్ మీద ఇంకో తాళం) పెట్టు, రోజూవారీ పనికి వేరే యూజర్ చేసుకో, 5 డాలర్లకు ఒక బడ్జెట్ అలర్ట్ పెట్టు. బడ్జెట్ పెట్టుడు ఆ ఐదు పనుల్లో ఒకటి, దానికే 20 డాలర్లు వస్తయి.

రీజియన్, అంటే ఏడబ్ల్యూఎస్ మిషన్లు ఉండే ప్రాంతం, ముంబై పెట్టుకో. 2022 నవంబర్ నుంచి హైదరాబాద్ రీజియన్ ఉంది గానీ, అది ఖాతాలో మొదట ఆపేసి ఉంటది, నువ్వే ఆన్ చేయాలె. పైగా కొన్ని సర్వీసులు అందులో దొరకవు. పక్కనే ఉంది గదా అని పోతే వీడియోలో ఉన్న బటన్ నీ తెర మీద కనబడక అక్కడ్నే సగం రోజు పోతది.

చేతితో చేయాల్సింది ఒక్కటే చెప్పమంటే వీపీసీ, అంటే ఏడబ్ల్యూఎస్ లోపల నీ సొంత నెట్‌వర్క్. దీన్ని “వీపీసీ అండ్ మోర్” అనే బటన్‌తో ఒక్క దెబ్బకు చేయకు, ముక్కముక్క కట్టు. 10.0.0.0/16తో వీపీసీ. రెండు ఏజడ్‌లలో (ఒక రీజియన్‌లోనే విడివిడిగ ఉండే డేటా సెంటర్లు) రెండు పబ్లిక్ సబ్‌నెట్లు (నెట్‌వర్క్‌లో ముక్కలు), 10.0.1.0/24, 10.0.2.0/24. రెండు ప్రైవేట్, 10.0.11.0/24, 10.0.12.0/24. ఒక్కో /24లో 256 ఐపీలు ఉంటయనుకుంటవు, వాడుకోనికి 251 మాత్రమే. ప్రతి సబ్‌నెట్‌లో ఐదు ఏడబ్ల్యూఎస్ పట్టి పెట్టుకుంటది. ఇంటర్నెట్ గేట్‌వే చేసి వీపీసీకి తగిలించు. పబ్లిక్ రూట్ టేబుల్‌లో (ఏది ఎటు పోవాల్నో రాసే పట్టిక) 0.0.0.0/0ను, అంటే బయటికి పోయేదంతా, దానికి మళ్లించు. సబ్‌నెట్‌ను “పబ్లిక్” చేసేది ఈ ఒక్క రూటే, పేరు కాదు.

పబ్లిక్‌లో ఒక చిన్న ఈసీ2 (కిరాయి మిషన్), ప్రైవేట్‌లో ఒకటి పెట్టు. ప్రైవేట్ మిషన్‌లోకి పోనీకి ఈసీ2 ఇన్‌స్టెన్స్ కనెక్ట్ ఎండ్‌పాయింట్ వాడు, దానికి విడిగ ఛార్జీ లేదు. లోపలికి పోయి కర్ల్ (వెబ్ పేజీ తెచ్చే కమాండ్) కొట్టు: బయటికి పోదు. ఇప్పుడు నాట్ గేట్‌వే (ప్రైవేట్ మిషన్లకు బయటికి పోయే దారి) పెట్టు. అది పబ్లిక్ సబ్‌నెట్‌లో ఉండాలె, రూటు మాత్రం ప్రైవేట్ రూట్ టేబుల్‌లో రాయాలె. మొదటిసారి దాదాపు అందరూ నాట్‌ను ప్రైవేట్ సబ్‌నెట్‌లోనే పెడతరు. అక్కడి నుంచి దానికే బయటికి దారి లేదు, ఇగ వేరేవాళ్లకు ఏం దారి చూపిస్తది? కర్ల్ పనిచేసినంక నాట్‌ను తీసేయ్, ఎస్3కు (ఫైళ్లు దాచే సర్వీస్) గేట్‌వే ఎండ్‌పాయింట్ (ఇంటర్నెట్ లేకుండ పోయే లోపలి దారి) పెట్టు, మిషన్‌కు ఎస్3 చదివే ఐఏఎం రోల్ (అనుమతి) ఇయ్యి, రీజియన్ పేరు జతచేసి బకెట్ (ఎస్3లో ఫైళ్లు పెట్టే డబ్బా) లిస్ట్ అడుగు. బయటి వెబ్‌సైట్ రాదు, ఎస్3 మాత్రం వస్తది. ఈ ఒక్క తేడా కళ్లతో చూసినోళ్లు “ప్రైవేట్ సబ్‌నెట్ నుంచి ఎస్3కు తక్కువ ఖర్చుతో ఎట్ల?” అనే ప్రశ్నకు ఆలోచించాల్సిన పని లేదు. గేట్‌వే ఎండ్‌పాయింట్ ఎస్3కు, డైనమోడీబీకి (ఒక డేటాబేస్ సర్వీస్) మాత్రమే ఉంటది, దానికి పైసలు లేవు.

తర్వాత కావాలనే చెడగొట్టు. వెబ్ సర్వర్ నడిచే మిషన్ ఉన్న సబ్‌నెట్‌కు నాకల్ (సబ్‌నెట్ గేటు కాడి కాపలా) అవుట్‌బౌండ్‌లో 1024 నుంచి 65535 పోర్టులు ఆపు. సెక్యూరిటీ గ్రూప్‌లో (మిషన్ కాడి కాపలా) 80 తెరిచే ఉన్నా పేజీ రాదు. లోపలికి వచ్చినదానికి జవాబు తిరిగిపోయేది ఆ పై పోర్టుల మీద. సెక్యూరిటీ గ్రూప్ వచ్చినోన్ని గుర్తుపెట్టుకుని పోనిస్తది, నాకల్‌కు ఆ గుర్తు ఉండదు. ఇంకోటి గమనించు: పేజీ తిరిగి తిరిగి టైమౌట్ అయితే రూటు, నాకల్, సెక్యూరిటీ గ్రూప్ చూడాలె. “కనెక్షన్ రెఫ్యూజ్డ్” అని వెంటనే వస్తే మామూలుగ దారి బాగానే ఉన్నట్టు, లోపల సర్వర్ ప్రోగ్రామే నడుస్తలేదు. ఇంటర్వ్యూలలో కూడ ఇదే అడుగుతరు.

లేచేముందు శుభ్రం చేయి. నాట్ గేట్‌వే డేటా పోయినా పోకున్నా గంటకు 5 సెంట్లకు పైనే తింటది. నెలంతా మర్చిపోతే 100 డాలర్ల క్రెడిట్‌లో మూడో వంతుకు పైనే దానికే పోతది. నాట్ తీసేసినా దాని ఎలాస్టిక్ ఐపీ (మారకుండ ఉండే పబ్లిక్ ఐపీ) నీ పేరు మీదే ఉంటది, దాన్ని విడిగ రిలీజ్ చేయాలె. 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 ప్రతిదానికీ, వాడినా వాడకున్నా, గంటకు అర సెంటు. ఆర్‌డీఎస్ డేటాబేస్‌ను “స్టాప్” చేస్తే అయిపోయిందనుకోకు, ఏడు రోజుల తర్వాత అదే లేచి కూసుంటది. డిలీట్ చేయాలె.

చదివేటప్పుడు జంటలుగ చదువు. పరీక్షలో తికమక జంటల కాడనే వస్తది. ఆర్‌డీఎస్‌లో మల్టీ ఏజడ్, రీడ్ రెప్లికా తీసుకో. బోరు కాడ ఒక మోటర్ కాలితే వెంటనే నడవనికి ఇంకో మోటర్ బిగించి పెట్టుడు మల్టీ ఏజడ్. అది నడుస్తలేనప్పుడు నీకు ఒక్క చుక్క ఎక్కువ రాదు. పొలం పెరిగింది, నీళ్లు చాలుతలేవని ఇంకో పైపు ఏసుడు రీడ్ రెప్లికా. డేటా మొదటిదానిలో అప్పటికప్పుడే రెండు దిక్కులా రాస్తరు, రెండోదానిలో కొంచెం ఆలస్యంగ వస్తది. “రిపోర్టులతో డేటాబేస్ నెమ్మదైతుంది” అంటే రెప్లికా. “ఏజడ్ పడిపోయినా ఆగొద్దు” అంటే మల్టీ ఏజడ్.

ఎస్‌క్యూఎస్ (పనుల మెసేజ్‌లను లైన్లో పెట్టే సర్వీస్) అర్థం కాకుంటే వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ మిల్లుల ముందట ట్రాక్టర్ల లైన్ యాదికి తెచ్చుకో. వడ్లు ఒక్కసారే వచ్చినా మిల్లు తన వేగంతోనే ఆడుతది, లైన్ ఉన్నది కాబట్టి ఎవరి వడ్లూ పోవు. విజిబిలిటీ టైమౌట్ అంటే ఒక హమాలీ గుంపు ఆ ట్రాక్టర్‌ను పట్టుకున్నంక వేరే గుంపుకు కనబడకుండ ఉండే సమయం. మామూలుగ 30 సెకన్లు. పని ఐదు నిమిషాలు పట్టేదైతే 30 సెకన్లకే అది మళ్లీ లైన్లో కనబడతది, ఇంకొకరు పట్టుకుంటరు, ఒకే ఆర్డర్ రెండుసార్లు నడుస్తది. “డూప్లికేట్ ప్రాసెసింగ్ అయితుంది” అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఈ టైమ్ పెంచుడే. మెసేజ్ మామూలుగ 4 రోజులు, ఎక్కువల ఎక్కువ 14 రోజులు ఆగుతది.

అంకెలన్నీ బట్టీ కొట్టకు, జవాబును మార్చే అంకెలు మాత్రం గట్టిగ పెట్టుకో. లాంబ్డా (నువ్వు సర్వర్ చూసుకోకుండనే కోడ్ నడిపే సర్వీస్) 15 నిమిషాలు దాటి నడవదు. స్పాట్ మిషన్‌ను (మిగిలి ఉన్నప్పుడు చవకగ ఇచ్చేది) ఏడబ్ల్యూఎస్ వెనక్కి తీసుకునే ముందు 2 నిమిషాల నోటీసు. ఎస్3లో స్టాండర్డ్ నుంచి స్టాండర్డ్ ఐఏకు (అరుదుగ తెరిచే ఫైళ్ల రకం) లైఫ్‌సైకిల్‌తో (తనంతట తానే మార్చే రూల్) 30 రోజుల లోపు మార్చలేవు, “7 రోజులకు మార్చు” అనే ఆప్షన్ కనబడితే కొట్టేయ్. గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లో (చాన కాలం దాచే చవక రకం) స్టాండర్డ్ పద్ధతిన 12 గంటల లోపు తెచ్చుకోవచ్చు, కనీసం 180 రోజుల ఛార్జీ కట్టాలె. మిల్లీసెకన్లలో కావాలంటే ఇన్‌స్టంట్ రిట్రీవల్. క్లౌడ్‌ఫ్రంట్‌కు (చూసేటోళ్లకు దగ్గర్నుంచి పేజీలు అందించే సర్వీస్) ఏసీఎం సర్టిఫికెట్ (హెచ్‌టీటీపీఎస్‌కు కావాల్సింది) నార్త్ వర్జీనియా రీజియన్‌లోనే ఉండాలె.

మాక్ టెస్టులు ఐదో వారం నుంచి. స్కిల్ బిల్డర్‌లో (ఏడబ్ల్యూఎస్ వాళ్ల ట్రైనింగ్ సైట్) 20 ప్రశ్నల అధికారిక సెట్ ఉచితం, అది మొదలు చూడు, ప్రశ్న భాష పట్టుబడతది. ప్రశ్న చదివేటప్పుడు ముందు చివరి వాక్యం చదువు. “లీస్ట్ ఆపరేషనల్ ఓవర్‌హెడ్” అంటే ఈసీ2 మీద నువ్వే బిగించుకునే ఆప్షన్లు దాదాపు పోయినట్టే. “మోస్ట్ కాస్ట్ ఎఫెక్టివ్” అంటే మిగతా షరతులన్నీ తీర్చేవాటిలో చవకది, మొత్తంలో చవకది కాదు. చాలామంది పడిపోయేది ఇక్కడే. సరైన జవాబు ఎందుకు సరైందో రాసుకునుడు కంటే మిగతా మూడు ఎందుకు తప్పో నోట్‌బుక్‌లో ఒక్కో వాక్యం రాయి. 65 ప్రశ్నల టెస్టు రెండు గంటలైతే ఈ రాసుడుకు నాలుగు గంటలు పడతది. పట్టనీయ్. అదే టెస్టు మళ్లీ రాస్తే వచ్చే 90 శాతం జ్ఞాపకశక్తికి వచ్చిన మార్కులు, లెక్కలోకి తీసుకోకు. ఎన్నడూ చూడని రెండు సెట్లలో 80 దాటినంక అసోసియేట్ బుక్ చేసుకో. టెలిగ్రామ్‌లో తిరిగే డంపుల (దొంగతనంగ బయటికొచ్చిన ప్రశ్నలు) జోలికి పోకు: అందులో జవాబులే చానా తప్పుగుంటయి, దొరికితే సర్టిఫికెట్ రద్దు చేస్తరు.

బుక్ చేసేముందు రెండు పనులు. ఒకటి, సర్టిఫికేషన్ ఖాతాలో “ఈఎస్ఎల్ +30” అనే సౌలత్ అడుగు. ఇంగ్లీష్ మాతృభాష కానోళ్లు ఇంగ్లీష్‌లో రాస్తే 30 నిమిషాలు ఎక్కువ ఇస్తరు, 130 కాస్త 160 అయితది. బుక్ చేసినంక అడిగితే ఆ బుకింగ్‌కు పనికిరాదు. రెండు, పేరు. మన దిక్కు మెమోలో ఇంటిపేరు పూర్తిగ, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉండుడు మామూలే. సర్టిఫికేషన్ ఖాతాలో పేరు నువ్వు చూపించే ఐడీలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండ ఉండాలె. పాస్‌పోర్ట్ ఉంటే అదే మంచిది. లేకుంటే ఇండియాకు ఏ ఐడీలు నడుస్తయో పియర్సన్ వ్యూ (పరీక్ష పెట్టే కంపెనీ) పేజీలో చూసి, దాని ప్రకారం పేరు సరిచేసుకో.

ఇంటికాడ రాసుడు గురించి: నేనైతే వద్దంటా. ఆన్‌వ్యూలో (ఇంటికాడ కెమెరా ముందు రాసే పద్ధతి) గదిల నువ్వు ఒక్కదానివే ఉండాలె. ఫోన్ చేతికందొద్దు, ప్రశ్న పైకి చదవొద్దు, కెమెరా ముందర్నుంచి లేవొద్దు. ఎవరన్న “బిడ్డా, చాయ్” అని తలుపు తీస్తే పరీక్ష ఆపేసే అధికారం వాళ్లకుంది. కరెంట్ పోతే ఇన్వర్టర్ ఉంది గదా అంటవు. ఫ్యానుకు, లైటుకు ఉంటది, రౌటర్‌కు ఇచ్చినారో లేదో చూసుకో. తప్పదంటే అదే గది, అదే ల్యాప్‌టాప్, అదే సమయానికి ఒక రోజు ముందు సిస్టమ్ టెస్ట్ నడిపించు. ఆఫీసు ల్యాప్‌టాప్ అడుక్కొచ్చుకోకు, అందులో ఉండే వీపీఎన్ తోనే ఆగిపోతది.

హైదరాబాద్‌లో సెంటర్ ఎంచుకుని మధ్యాహ్నం స్లాట్ తీసుకో. దేవరకొండ నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగ సాగర్ రోడ్డున పొద్దుగాల బస్సెక్కితే ఆగమాగం లేకుండ చేరుకుంటవు. నల్లగొండ నుంచి వచ్చేటోళ్లు సంక్రాంతి వారం మాత్రం బుక్ చేయొద్దు, పంతంగి టోల్ గేట్ కాడ ఎన్ని గంటలైతయో ఎవరూ చెప్పలేరు. తేదీ మార్చుకోవాలంటే 24 గంటల ముందు వరకు కుదురుతది, అదీ రెండుసార్లే.

హాల్లో ఒక ప్రశ్న మీద రెండు నిమిషాలు దాటితే ఏదో ఒకటి పెట్టి, ఫ్లాగ్ కొట్టి ముందుకు పో. చివర్న ఫ్లాగ్ కొట్టినవే చూడు. మొత్తం మళ్లీ చదువుతూ కూసుంటే సరైనవి తప్పు చేసుకుంటవు. రెండు ఏరమన్న ప్రశ్నకు రెండూ పెట్టినవా అని మాత్రం ఒకసారి చూసుకో. బయటికి రాంగనే రిజల్ట్ చేతికియ్యకపోతే భయపడకు. ఐదు పనిదినాల లోపు మెయిల్ వస్తది, మార్కులు ఖాతాలో కనబడతయి. ప్రాక్టీషనర్ పాసైతే ఆ 50 శాతం కూపన్‌ను ఖాతాలో బెనిఫిట్స్ అనే కాడ నువ్వే క్లెయిమ్ చేసి కోడ్ తీసుకోవాలె, అసోసియేట్‌కు పైసలు కట్టే పేజీలో అది వేయాలె. కట్టినంక యాదికొస్తే తిరిగి రాదు.