‘నానో కీమో’ అమ్మకు ఇప్పించొచ్చా? ఎవరి రక్తం నుంచో తీస్తారట!

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. మూడేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. ఇప్పుడు కాలేయానికి పాకిందన్నారు. పదేళ్లుగా షుగర్ ఉంది. ప్యాక్లిటాక్సెల్ కీమో మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే ముఖం ఎర్రబడి, ఊపిరాడక అల్లాడిపోతే ఆపేశారు. ఇప్పుడు అదే మందును ‘ఆల్బుమిన్ నానో’ రూపంలో ఇస్తామంటున్నారు. ఖర్చు ఎక్కువ. పైగా అది వేరేవాళ్ల రక్తం నుంచి తీసిందట. అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది. ఆ మందు నిజంగా క్యాన్సర్ కణాలకే వెళ్తుందా? గుడ్డు తెల్లసొన తింటే ఆ ఆల్బుమిన్ రాదా అని మా పిన్ని అడుగుతోంది. ఎక్సోసోమ్ చికిత్స గురించి వీడియోలు కూడా చూశాం. ఏం చేయమంటారు? – ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ డాక్టర్ సూచించిన మార్పు సరైనదే. అమ్మగారి విషయంలో దానికి రెండు గట్టి కారణాలున్నాయి.

ప్యాక్లిటాక్సెల్ నీళ్లలో కరగదు. అందుకే పాత పద్ధతిలో దాన్ని క్రెమోఫోర్ అనే ద్రావకంలో కలుపుతారు. ఇది ఆముదం నుంచి తయారయ్యే పదార్థం. ముఖం ఎర్రబడటం, ఆయాసం, బీపీ పడిపోవడం లాంటి రియాక్షన్లకు చాలాసార్లు కారణం అసలు మందు కాదు, ఈ ద్రావకమే. దాన్ని తట్టుకోవడానికే కీమోకు ముందు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, అలర్జీ ఇంజెక్షన్లు ఇస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు ఆ స్టెరాయిడ్‌తో మరో తలనొప్పి. రెండు మూడు రోజులు షుగర్ అమాంతం పెరుగుతుంది.

కొత్త రూపంలో క్రెమోఫోరే ఉండదు. మందును ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌తో కలిపి దాదాపు 130 నానోమీటర్ల కణాలుగా చేస్తారు. నానోమీటర్ అంటే మీటరులో వంద కోట్లవ వంతు. ఈ ఆల్బుమిన్ శరీరానికి కొత్తది కాదు. మన కాలేయం రోజుకు 10 నుంచి 15 గ్రాముల దాకా తయారు చేస్తూనే ఉంటుంది. కొవ్వు ఆమ్లాలు, బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం), మనం మింగే ఎన్నో మాత్రల మందులు రక్తంలో తిరిగేది దీన్ని పట్టుకునే. అమెరికాలో ఈ మందుకు 2005 జనవరిలో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. తర్వాత ఊపిరితిత్తుల, క్లోమ క్యాన్సర్లకూ వచ్చింది. ఇప్పుడు మన దేశంలో చాలా కంపెనీలు తయారు చేస్తున్నాయి.

ఇది క్యాన్సర్ కణాలకే వెళ్తుందా అన్నారు. లేదండీ. ఆల్బుమిన్ ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు లాంటిది, అన్ని స్టాపుల్లోనూ ఆగుతుంది. గడ్డ చుట్టూ ఉండే రక్తనాళాలు కాస్త లీకవుతుంటాయి, పెరిగే కణాలకు ప్రొటీన్ ఆకలి కూడా ఎక్కువ. అందుకే అక్కడ కొంచెం ఎక్కువ మందు దిగుతుందని భావిస్తారు. అంతవరకే. కెనడాలోని టొరంటో పరిశోధకులు పదేళ్ల జంతు అధ్యయనాలన్నీ కలిపి 2016లో లెక్క తేల్చారు. రకరకాల నానోకణాలు ఎక్కిస్తే అందులో గడ్డను చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. పైగా ఈ మందు కణాలు రక్తంలో కలవగానే విడిపోయి, మందు అంటుకున్న మామూలు ఆల్బుమిన్‌గా తిరుగుతాయి. కాబట్టి ‘గురి చూసి కొట్టే మందు’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. జుట్టు దీనితోనూ ఊడుతుంది.

మరి లాభం ఎక్కడుంది? ద్రావకం బెడద లేదు కాబట్టి ఎక్కువ డోసు, తక్కువ సమయంలో ఇవ్వగలుగుతున్నాం. మూడు గంటల బదులు అరగంట చాలు. 454 మంది రోగులను రెండు రకాలతో పోల్చిన అధ్యయనంలో గడ్డలు చెప్పుకోదగినంత తగ్గినవారు కొత్తదానితో 33 శాతం, పాతదానితో 19 శాతం. వ్యాధి మళ్లీ ముదరడానికి పట్టిన సమయం 23 వారాలు, 17 వారాలు. ముందుగా స్టెరాయిడ్ ఇవ్వకపోయినా తీవ్రమైన అలర్జీలు కనిపించలేదు. అయినా అమ్మగారికి ఒకసారి రియాక్షన్ వచ్చింది కాబట్టి మొదటి డోసు నర్సు కళ్లెదుటే, నెమ్మదిగా మొదలవ్వాలి. అరుదుగానైనా అసలు మందే పడనివాళ్లుంటారు. ఈ దశలో మన లక్ష్యం వ్యాధిని వీలైనంత కాలం అదుపులో ఉంచడం. పూర్తిగా నయం చేస్తుందన్న ఆశ ఈ మందు మీద పెట్టవద్దని మీతో సూటిగా చెప్పడమే నా బాధ్యత.

అదే అధ్యయనంలో ఒక నష్టం కూడా తేలింది. నరాలు తీవ్రంగా దెబ్బతినడం పాతదానితో 2 శాతం మందిలో కనిపిస్తే, దీనితో 10 శాతం మందిలో కనిపించింది. షుగర్ ఉన్న అమ్మగారి విషయంలో నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేస్తున్నది ఇదే. తిమ్మిరి అన్న మాట రోగులు చాలా ఆలస్యంగా చెబుతారు. మీరే గమనించండి. జాకెట్ హుక్కు పెట్టుకోవడానికి తడబడుతున్నారా? నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదా? మాత్ర షీటులోంచి ఊడదీయలేకపోతున్నారా? వీటిలో ఏది కనిపించినా తర్వాతి డోసుకు ముందే డాక్టర్‌కు చెప్పండి. డోసు తగ్గిస్తే లేదా కొన్నాళ్లు ఆపితే చాలామందిలో కొద్ది వారాల్లోనే తగ్గుముఖం పడుతుంది. పంటి బిగువున భరిస్తూ పోతే అది నిలిచిపోవచ్చు. మూడు వారాలకోసారి పెద్ద డోసు బదులు వారం వారం చిన్న డోసు ఇవ్వడం కుదురుతుందేమో కూడా అడగండి. కాలేయం సంగతి ఎలాగూ ఉంది కాబట్టి ప్రతి డోసుకు ముందు బిలిరుబిన్, తెల్లకణాల రిపోర్టు చూడకుండా ఇవ్వరు, ఇవ్వనివ్వకండి.

ఇక రక్తం విషయం. అవును, దాతల ప్లాస్మా నుంచి తీసిన ఆల్బుమినే. దాతలను పరీక్షించాక, దాన్ని 60 డిగ్రీల వేడిలో 10 గంటలు ఉంచి వైరస్‌లను చంపుతారు. ఆల్బుమిన్‌ను 1941లో పెర్ల్ హార్బర్ క్షతగాత్రులకు ఎక్కించిన నాటి నుంచీ ఆసుపత్రుల్లో వాడుతూనే ఉన్నాం. వైరస్ భయం కాగితం మీద ఉన్నంత, వాస్తవంలో లేదు. అమ్మగారికి ధైర్యంగా చెప్పండి.

ఈ ప్రొటీన్ మోసేది మందులనే కాదు. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని ఆల్బుమిన్ నానోకణాలకు అంటించి రొమ్ము దగ్గర ఇస్తే, అది చంకలో క్యాన్సర్ ముందుగా చేరే గ్రంథి ఎక్కడుందో చూపిస్తుంది. ఆరు గంటల్లో దాని రేడియేషన్ సగానికి పడిపోతుంది. దానివల్ల అనవసరంగా చంక గ్రంథులన్నీ తీసేసి చెయ్యి వాపు తెచ్చుకునే బాధ తప్పుతుంది.

పిన్నిగారి సందేహానికి: గుడ్డులో ఉండేది వేరే ప్రొటీన్, కడుపులో పూర్తిగా అరిగిపోతుంది. బలానికి రోజూ గుడ్డు పెట్టండి, మంచిదే. మందుకు అది బదులు కాదు.

ఎక్సోసోమ్‌లు మన కణాలు విడుదల చేసే సూక్ష్మమైన సంచులు. మందులు మోయించడానికి వాటి మీద మంచి పరిశోధన జరుగుతోంది, కానీ అది ఇంకా ప్రయోగశాలలు, క్లినికల్ ట్రయల్స్ స్థాయిలోనే ఉంది. వీటిని అమ్మే క్లినిక్‌ల గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో ప్రజలను హెచ్చరించింది. ఇంజెక్షన్లు తీసుకున్న కొందరికి తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చాయి. డబ్బు కట్టించుకుని క్యాన్సర్‌కు ఎక్సోసోమ్‌లు ఇస్తామనేవారి గడప తొక్కకండి. నిజమైన ట్రయల్‌లో మందుకు డబ్బు అడగరు.

ఖర్చు విషయంలో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ఈ మందు పథకంలో వర్తిస్తుందేమో ముందే కనుక్కోండి. సీసా మీద ‘ఆల్బుమిన్’ అన్న మాట ఉందో లేదో మీ కళ్లతో చూడండి. రెండు రకాల డోసులు వేరు, ఒకదాని బదులు మరొకటి ఎక్కిస్తే ప్రమాదం. కలిపాక ఇది పాలలా తెల్లగా కనబడుతుంది, చూసి కంగారుపడొద్దు. పొడిలోకి సెలైన్‌ను సీసా గోడ వెంబడి నిమిషం పాటు నెమ్మదిగా వదిలి, ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత మెల్లగా తిప్పుతారు. గట్టిగా ఊపితే నురగ వస్తుంది. అందుకే నర్సు ఆలస్యం చేస్తున్నట్టు అనిపిస్తుంది, తొందరపెట్టకండి.

ఇంటికొచ్చాక థర్మామీటర్ దగ్గర పెట్టుకోండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రి అయినా సరే, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.